దేనితో పోల్చి చెబుతున్నారు?

ప్రశ్న: మేడమ్, నమస్కారం. మాది అనంతపురం జిల్లా. బెంగళూరు ఉత్తరాన ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఆరేళ్లుగా మ్యాథ్స్ చెబుతున్నాను. మా దగ్గర ఫస్ట్ సెమ్ మ్యాథ్స్‌లో ఫెయిలయ్యేవాళ్లు ఎక్కువ. అందుకని ఫస్టియర్ పిల్లలందరికీ ఒక ఏఐ ట్యూటర్ యాప్ కొనాలని మేనేజ్‌మెంట్ అనుకుంటోంది. కంపెనీవాళ్లు వచ్చి డెమో ఇచ్చారు, చాలా బాగుంది. వేరే కాలేజీలో తమ యాప్ వాడాక పాస్ శాతం పెరిగిందని గ్రాఫులు చూపించారు. ఐదుగురి కమిటీలో నన్నూ వేసి, పరిశోధనలు ఏమంటున్నాయో చూసి ఆరు వారాల్లో నోట్ ఇవ్వమన్నారు. పేపర్లు చదువుతున్నాను. ఒకటి టెక్నాలజీతో చదువు మెరుగుపడిందంటుంది, ఇంకోటి ఏ లాభమూ లేదంటుంది. చదివేకొద్దీ అయోమయంగా ఉంది. పైగా కమిటీలో నేనే జూనియర్ని, డీన్ గారికేమో కొనాలనే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఎలా తేల్చాలి?
ఒక పాఠకురాలు, యలహంక

జవాబు: అమ్మా, ముందు మీ అయోమయం సంగతి చూద్దాం. ఆ పేపర్లు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం లేదు. "టెక్నాలజీ పనిచేస్తుందా" అని అడగడం "మందు పనిచేస్తుందా" అని అడగడం లాంటిది. ఏ మందు, ఏ జబ్బుకి, ఎన్నాళ్లు అని అడిగితే తప్ప జవాబు రాదు.

రెండు పేపర్లు పక్కపక్కన పెట్టుకుని చూడండి. పెరూ దేశంలో పల్లెటూరి బడుల్లో పిల్లకో ల్యాప్‌టాప్ చొప్పున పంచారు. 319 బడుల్లో పోల్చి చూసి 2012లో ఫలితం చెప్పారు. లెక్కల్లోనూ భాషలోనూ మార్కులు కదల్లేదు. అదే మన ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, ఆయన సహపరిశోధకులు 619 మంది బడిపిల్లలను తీసుకుని, లాటరీ వేసి, అందులో కొందరికి బడివేళలు కాని సమయంలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో చదువు చెప్పించారు. 2019లో వచ్చిన ఆ పేపర్లో, నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో 0.37 ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేర పెరుగుదల కనిపించింది. వందమందిని కింది నుంచి వరసగా నిలబెడితే 50వ చోట ఉన్న పిల్ల సుమారు 64వ చోటికి వెళ్లినట్టు. చిన్న మార్పు కాదది.

తేడా ఎక్కడుంది? పెరూలో వస్తువు ఇచ్చారు. ఢిల్లీలో ఆ సాఫ్ట్‌వేర్ ముందు పిల్లవాడికి ఎంతవరకు వచ్చో కనుక్కుని అక్కడినుంచి మొదలుపెట్టింది. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు మరి. రోజూ సగం సమయం సాఫ్ట్‌వేర్‌తో గడిస్తే, మిగతా సగం చిన్న గుంపులో ఒక మనిషి దగ్గర కూర్చుని చదివారు. రిచర్డ్ క్లార్క్ అనే అమెరికా పరిశోధకుడు 1983లోనే ఈ మాట అన్నారు. సరుకులు మోసుకొచ్చే లారీ మన పోషణలో ఎంత మార్పు తెస్తుందో, చదువులో మాధ్యమం కూడా అంతేనట. ఆయనతో వాదించినవాళ్లూ ఉన్నారు గానీ, నలభై ఏళ్ల తర్వాత కూడా కమిటీలో కూర్చున్నప్పుడు ఆ మాటే నాకు ఎక్కువగా పనికొచ్చింది. లారీ సంగతి తర్వాత, అందులో ఏ సరుకుందో ముందు చూడాలి.

అంతకన్నా ముందు మీ ఇంట్లో ఏ సరుకు నిండుకుందో చూడాలి. మీ ఉత్తరంలో నేను వెతికినది అదే, దొరకలేదు. "ఫెయిలయ్యేవాళ్లు ఎక్కువ" అన్నారు. ఎందుకు ఫెయిలవుతున్నారు? కిందటి సెమ్‌లో ఫెయిలైన పిల్లల ఆన్సర్ షీట్లు ఒక ముప్ఫై తీసుకుని, రెండు సాయంత్రాలు కూర్చుని, ఎక్కడ దారి తప్పారో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. మార్కుల కోసం కాదు, కేవలం మొదటి తప్పు ఎక్కడుందో చూడటానికి.

నేను పనిచేసిన రోజుల్లో హిందూపురం వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి పేపరు ఇప్పటికీ గుర్తుంది. ఇంటిగ్రేషన్ లెక్క. పద్ధతి అంతా సరిగ్గా ఎత్తుకున్నాడు. మూడో లైనులో "ఒకటి బై ఏ ప్లస్ బి"ని "ఒకటి బై ఏ, ప్లస్ ఒకటి బై బి" అని విడగొట్టేశాడు. ఇక అక్కడినుంచి పేజీ అంతా వృథా. పిలిచి, ఏ, బి స్థానంలో రెండు, మూడు వేసి చూడమన్నాను. వేశాడు. ఒక వైపు ఒకటి బై ఐదు, ఇంకో వైపు ఐదు బై ఆరు. చాలాసేపు కాగితం వైపే చూసి "ఇన్నేళ్లూ ఇలాగే చేస్తున్నా మేడమ్" అన్నాడు. వాడికి ఇంటిగ్రేషన్ మీద గంటసేపు వీడియో చూపిస్తే ఏం లాభం? వాడికి కావలసింది ఏడో తరగతి భిన్నాలు. ఇంటర్‌లో ఆప్షన్లు చూసి జవాబు పట్టడం నేర్చుకున్న పిల్లల్లో ఇలాంటి ఖాళీలు ఇంటిగ్రేషన్ దాకా బయటపడకుండా ఉండిపోతాయి. మీ ముప్ఫై పేపర్లలోనూ ఇదే కనిపిస్తే, మీకు కావలసింది పాత ఖాళీలను పట్టుకుని అక్కడినుంచి సాధన చేయించేది. అలా కాకుండా ప్రశ్న ఇంగ్లిష్ అర్థంకాక ఆగిపోతున్నారని తేలితే అది వేరే సమస్య, దానికి వేరే మందు. అసలు సగం మంది క్లాసుకే రావడం లేదని తేలినా తేలవచ్చు. అప్పుడు యాప్ గురించి మాట్లాడటమే అనవసరం.

ఇప్పుడు కంపెనీవాళ్ల గ్రాఫు. దాన్ని చూసిన ప్రతిసారీ ఒక్క ప్రశ్న అడగండి. దేనితో పోల్చి చెబుతున్నారు?

ఈ ప్రశ్న నేను నా తప్పు నుంచే నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట నేనున్న కాలేజీలో వీడియో పాఠాలు పెట్టాం. ఏ సెక్షన్‌కి ఇచ్చి, బి సెక్షన్‌కి ఇవ్వలేదు. సెమ్ చివర ఏ సెక్షన్ సగటు బాగా ఎక్కువ వచ్చింది. సంతోషంగా రిపోర్టు రాసి ఇచ్చేశాను, మేనేజ్‌మెంట్ మరుసటి ఏడాది అన్ని సెక్షన్లకీ డబ్బు పెట్టింది. ఆ తర్వాత అడ్మిషన్ల ఫైలు చూస్తే తెలిసింది, సెక్షన్లు ఎంట్రెన్స్ ర్యాంకు ప్రకారం విడగొట్టారు. ఏ సెక్షన్ మొదటినుంచీ మంచి ర్యాంకుల వాళ్లే. వీడియోలు లేకపోయినా వాళ్లకు ఎక్కువే వచ్చేవి. స్టాటిస్టిక్స్ చెప్పే మనిషిని, నేనే అది చూసుకోలేదు. ఆ రిపోర్టు వల్ల ఖర్చయిన డబ్బు గురించి ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పెద్ద యూనివర్సిటీలకు కూడా ఇది తప్పలేదు. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ కోర్స్ సిగ్నల్స్ అనే పద్ధతి తెచ్చింది. విద్యార్థి వెనకబడుతుంటే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తులతో హెచ్చరిస్తుంది. ఈ గుర్తులున్న కోర్సులు రెండు, అంతకు మించి చేసినవాళ్లు చదువు మానేయకుండా నిలబడుతున్నారని ప్రచారమైంది. 2013లో కొందరు ఆ లెక్కను తరచి చూశారు. మధ్యలో మానేసినవాడు రెండో కోర్సు దాకా రాడు కదా! నిలిచినవాళ్లే ఎక్కువ కోర్సులు చేస్తారు. గుర్తులకు బదులు కోర్సుకో చాక్లెట్ పంచినట్టు ఊహించి లెక్కేసినా, చాక్లెట్లు ఎక్కువ అందుకున్నవాళ్లే ఎక్కువగా నిలిచినట్టు తేలింది.

మీకు చూపించిన గ్రాఫులో "వారానికి మూడు గంటలు వాడినవాళ్లకు మార్కులు ఎక్కువ" అని ఉంటే అదీ ఈ కోవలోదే. చెప్పకుండానే మూడు గంటలు కూర్చునే పిల్ల పుస్తకంతో కూడా కూర్చునేది. "వాడకముందు ఇంత, వాడాక ఇంత" అని ఉంటే, ఆ ఏడాది ప్రశ్నపత్రం ఎవరు తయారుచేశారు, మూల్యాంకనం మారిందా, అడ్మిషన్లలో కటాఫ్ మారిందా అని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. యునెస్కో 2023 నివేదికలో ఉన్న ఒక లెక్క ప్రకారం, అమెరికాలో 17 రాష్ట్రాల్లో సర్వే చేస్తే, ఇలాంటివి తీసుకునే ముందు నిపుణులు సమీక్షించిన పరిశోధన చూపించమని అడిగిన టీచర్లు, అధికారులు 11 శాతమే. అడిగేవాళ్లు లేకే ఇలాంటి గ్రాఫులు ఇన్నాళ్లూ నడుస్తున్నాయి.

పిల్లల అభిప్రాయం విషయంలో కూడా ఒక హెచ్చరిక. డెమో తర్వాత గూగుల్ ఫారం పంపి "నచ్చిందా, ఎన్ని స్టార్లు" అని అడగడం మామూలే. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో ఒక ప్రయోగం జరిగింది. ఒకే పాఠాన్ని కొందరికి చక్కటి ఉపన్యాసంగా చెప్పారు, కొందరి చేత లెక్కలు చేయించి నేర్పారు. లెక్కలు చేసినవాళ్లు తాము తక్కువ నేర్చుకున్నామనుకున్నారు. టెస్టులో వాళ్లకే ఎక్కువ వచ్చాయి. కష్టపడుతున్నప్పుడు రావట్లేదేమో అనిపిస్తుంది, సాఫీగా వింటున్నప్పుడు అంతా వచ్చేసినట్టుంటుంది. కాబట్టి పిల్లలను వాడటానికి వీలుగా ఉందా, ఎక్కడ ఆగిపోతోంది అని అడగండి. నేర్చుకున్నారా లేదా అన్నది టెస్టుతోనే తేల్చండి.

ఇక ఏఐ ట్యూటర్. ఇక్కడ మీకు నేరుగా పనికొచ్చే పరిశోధన ఒకటుంది. తుర్కియే (టర్కీ)లో సుమారు వెయ్యిమంది హైస్కూల్ పిల్లలతో లెక్కల క్లాసుల్లో చేసి, 2025లో అచ్చయింది. కొందరికి మామూలు చాట్‌బాట్ ఇచ్చారు, కొందరికి జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా టీచర్లు తీర్చిన ట్యూటర్ ఇచ్చారు, కొందరికి ఏదీ ఇవ్వలేదు. సాధన చేసేటప్పుడు మామూలు చాట్‌బాట్ ఉన్నవాళ్లు ఏదీ లేనివాళ్లకన్నా 48 శాతం, ట్యూటర్ ఉన్నవాళ్లు 127 శాతం మెరుగ్గా చేశారు. డెమోలో మీరు చూసింది ఈ దశనే. తర్వాత అన్నీ తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్‌బాట్ వాడినవాళ్లు, అసలేమీ వాడనివాళ్లకన్నా 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. ట్యూటర్ వాడినవాళ్లకు ఆ నష్టం చాలావరకు తప్పింది, కానీ సాధనలో కనిపించినంత లాభం పరీక్షలో కనిపించలేదు.

అదే ఏడాది హార్వర్డ్ నుంచి వచ్చిన ఇంకో పేపర్లో, 194 మంది ఫిజిక్స్ విద్యార్థులు జాగ్రత్తగా తీర్చిన ఏఐ ట్యూటర్‌తో, క్లాసులో నేర్చుకున్నదానికన్నా తక్కువ సమయంలో ఎక్కువ నేర్చుకున్నారు. ఆ ట్యూటర్‌కి ప్రతి లెక్కకూ మెట్టుమెట్టుగా పరిష్కారం ముందే రాసి ఇచ్చారు, తనంతట తాను కల్పించి చెప్పకుండా. అది రెండు పాఠాల ప్రయోగమే, సెమిస్టర్ అంతా కాదు. ఈ రెండూ కలిపి చదివితే మీ నోట్‌లో రాయాల్సిన వాక్యం దొరుకుతుంది: ఏఐ అని పేరుంటే సరిపోదు, అది జవాబు అప్పజెబుతుందా, ఆలోచింపజేస్తుందా?

దీన్ని తెలుసుకోవడానికి కంపెనీని అడగనక్కర్లేదు. లాగిన్ తీసుకుని మీ ముప్ఫై పేపర్లలోంచి ఒక లెక్క ఇవ్వండి. సూచన ఇస్తే "అర్థంకాలేదు, జవాబు చెప్పు చాలు" అని టైప్ చేయండి. మళ్లీ అదే చేయండి. మూడోసారి కూడా అదే. ఎన్నోసారికి లొంగిపోయి జవాబు ఇచ్చేస్తుందో రాసుకోండి. హాస్టల్లో రాత్రి పదకొండింటికి అసైన్‌మెంట్ తొందరలో ఉన్న పిల్లవాడు చేసేది కచ్చితంగా అదే. తర్వాత ఇందాకటి "ఒకటి బై ఏ ప్లస్ బి" తప్పును కావాలని చేసి చూడండి. తప్పని మాత్రమే చెప్పిందా, భిన్నాల దగ్గరికి తీసుకెళ్లిందా? కన్నడంలో, తెలుగులో అడిగితే ఏమంటుంది?

పరిశోధనల్లో గట్టిగా నిలబడ్డ విషయాలు కొన్నున్నాయి, వాటికి పెద్దగా ఖర్చు కూడా లేదు. 2014లో సైన్సు, ఇంజినీరింగ్, మ్యాథ్స్ కోర్సుల మీద 225 అధ్యయనాలను కలిపి చూశారు. ఉపన్యాసం మాత్రమే ఉన్న క్లాసుల్లో 33.8 శాతం మంది ఫెయిలైతే, క్లాసులోనే పిల్లల చేత పని చేయించిన చోట 21.8 శాతం. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగం ఇంకోటి. పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. అంటే మార్కుల భయం లేకుండా తరచూ పెట్టే చిన్న చిన్న టెస్టులే చదువు. కాలేజీలు ఆన్‌లైన్ కోర్సులకు వాడే మూడుల్ (Moodle)లో క్వశ్చన్ బ్యాంకు, క్విజ్ ఎప్పటినుంచో ఉన్నాయి, అది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. మీ దగ్గర ఉండే ఉంటుంది. పీపీటీలు అప్‌లోడ్ చేయడానికే వాడుతుంటే మాత్రం, కొత్తది కొనే ముందు దాని గురించి కమిటీలో ఒకసారి అడగండి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మీ యాప్‌ను దేనితో పోల్చాలో ఇక్కడే ఉంది. అమెరికా విద్యాశాఖ 2010లో ప్రచురించిన ఒక సమీక్షలో ఆన్‌లైన్, క్లాసు రెండూ కలిపిన కోర్సులు ఉత్త క్లాసుకన్నా మెరుగ్గా కనిపించాయి. కానీ వాటిలో పిల్లలు చదువు మీద పెట్టిన సమయం, దొరికిన సామగ్రి కూడా ఎక్కువేనని ఆ సమీక్షే చెప్పింది. అందుకని యాప్ ఉన్నవాళ్లను ఏమీ లేనివాళ్లతో పోల్చకండి. వారానికి రెండు గంటల యాప్‌ను, రెండు గంటల మూడుల్ క్విజ్‌తో, వీలైతే ఒక సీనియర్ విద్యార్థి సాయంతో పోల్చండి. అప్పుడే డబ్బు దేనికి పెడుతున్నారో తెలుస్తుంది.

ఆరు వారాలు చాలు. మొదటి వారం ఆన్సర్ షీట్లు, పాత విషయాల మీద ఒక చిన్న టెస్టు. తర్వాత నాలుగు వారాలు వాడకం. చివరి వారం ఫోన్లు బయట పెట్టించి అందరికీ ఒకే పేపరు. యాప్ ఒక్కొక్కరు విడిగా వాడేదే కాబట్టి సెక్షన్లను కాదు, విద్యార్థులనే చీట్లు తీసి రెండు సగాలు చేయండి. లేకపోతే యాప్ ప్రభావమెంతో, ఆ సెక్షన్ టీచరు ప్రభావమెంతో విడదీయలేరు. కంపెనీవాళ్లు "బాగా ఆసక్తి ఉన్న పిల్లల్ని ఇవ్వండి" అంటే ఒప్పుకోవద్దు. రెండో సగానికి అన్యాయం కదా అని ఎవరైనా అంటే, యాప్ పనిచేస్తుందని ఇంకా తెలియదని, తెలిస్తే వచ్చే సెమ్‌లో వాళ్లకే ముందు ఇస్తామని చెప్పండి. పేపర్లు దిద్దేవాళ్లకు ఎవరు ఏ సగమో తెలియనివ్వకండి.

ఎంతమంది కావాలో కూడా చెబుతాను. 50 మార్కుల పేపర్లో ప్రామాణిక విచలనం 8 ఉందనుకోండి. 120 మంది ఒక వైపు, 120 మంది ఇంకో వైపు ఉంటే, సగటుల మధ్య సుమారు రెండు మార్కుల దాకా తేడా ఉత్త చీట్ల అదృష్టం వల్లే రావచ్చు. ఒక్క సెక్షన్‌లోనే 30, 30 చేస్తే నాలుగు మార్కుల దాకా రావచ్చు. కాబట్టి నాలుగు సెక్షన్లు కలుపుకోండి. ఎన్ని మార్కుల తేడా వస్తే కొంటాం, ఎంతలోపు వస్తే కొనం అన్నది మొదలుపెట్టకముందే కాగితం మీద రాసి, ఐదుగురూ సంతకం పెట్టండి. ఫలితం చూశాక గీత గీస్తే ఆ గీత ఎక్కడికైనా జరుగుతుంది.

రెండు చిక్కులు వస్తాయి. హాస్టల్లో ఒక లాగిన్‌తో నలుగురు కూర్చుంటారు. ఎవరినీ తప్పుపట్టకుండా చివర్లో అడిగి తెలుసుకుని నోట్‌లో రాయండి. ఇక హిందూపురం, గౌరిబిదనూరు నుంచి రోజూ రైల్లో వచ్చిపోయే పిల్లలు. వాళ్లకు చదువుకునే సమయం చాలావరకు రైల్లోనే. సిగ్నల్ పోయినప్పుడు యాప్ ఏం చేస్తుంది? రోజుకి ఒకటిన్నర జీబీ డేటాలో ఎంత తినేస్తుంది? మీ క్లాసులో అలాంటి అమ్మాయి ఉంటే ఆమె ఫోన్‌లోనే ఒక రోజు చూడండి, ఆఫీసు వైఫైలో కాదు. మొదటి వారం వాడకాన్ని నాలుగో వారం వాడకంతో కూడా పోల్చండి. కొత్త మోజు ఎంతో, నిజమైన వాడకం ఎంతో అక్కడ తెలుస్తుంది.

ఒప్పందం విషయం క్లుప్తంగా. మూడేళ్లకు కాకుండా ఏడాదికి రాయించండి. పిల్లల డేటా ఎవరి దగ్గర ఉంటుంది, మానేసినప్పుడు చెరిపేస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది కాబట్టి లీగల్ సెల్‌కి ఒక కాపీ పంపండి.

డీన్ గారి సంగతి. ఆయనకూ పిల్లలు పాసవ్వాలనే ఉంటుంది, అక్కడినుంచే మాట్లాడండి. కొనొద్దు అనకండి, అలా అనడానికి ప్రస్తుతం మీ దగ్గరా ఆధారం లేదు. "సార్, కొనే ముందు మన పిల్లల మీదే నెల రోజులు చూద్దాం. ఫలితం బాగుంటే మన సొంత లెక్కలతో మేనేజ్‌మెంట్ ముందు పెట్టొచ్చు" అనండి. మీటింగులో అందరి ముందు కాదు, ముందు రోజు ఆయన క్యాబిన్‌లో చెప్పండి. నోట్ ఒక్క పేజీ మించకూడదు. మన పిల్లలు ఎక్కడ తప్పుతున్నారు, దానికి దగ్గరగా ఉన్న పరిశోధన ఏమంటోంది, మనం చేసి చూస్తే ఎంత తేడా వచ్చింది, ఏది ఇంకా తెలియదు. బడిపిల్లల మీద చేసిన పరిశోధన అయితే ఆ మాట దాచకుండా రాయండి. ఢిల్లీ, తుర్కియే రెండూ బడిపిల్లలవే, మీ ఫస్టియర్ వాళ్లు వేరు.

ఎగ్జామ్ సెక్షన్‌లో కిందటి సెమ్ పేపర్లు ఇంకా ఉన్నాయో, కట్టలు కట్టి పంపేశారో రేపే కనుక్కోండి. ముప్ఫై దొరికి, మొదటి తప్పులు లెక్కపెట్టాక ఏం కనిపించిందో నాకు రాయండి. టెస్టులో ఏ ప్రశ్నలు పెట్టాలో అవి చూసి చెబుతాను.